పదహారు కోర్లు

అంబదాస్ సేటు స్టూడియోలోకి అడుగుపెట్టేసరికి నర్మద ఆయన కొడుకు పెండ్లి వీడియోనే మిక్సింగ్ చేస్తోంది. తెర మీద తలంబ్రాలు నడుస్తున్నాయి. పెండ్లికూతురు శివాని దోసిలెత్తి పోయబోతే పెండ్లికొడుకు తల వెనక్కి వంచి తప్పించుకుంటున్నాడు. వాళ్ళ వెనక బియ్యం పళ్ళెం పట్టుకుని నిలబడిన శివాని అక్క భవాని పడిపడి నవ్వుతోంది.

"గాడ ఆపు," అన్నాడు అంబదాస్.

నర్మద ఆపింది. నారాయణఖేడ్ బస్‌డిపో ఎదుటి సందులో ఉన్న ఆ స్టూడియోకి రెండే గదులు. ముందు గదిలో నాగేశ్ ఫోటోలు తీస్తాడు, వెనక గదిలో నర్మద మిక్సింగ్ చేస్తుంది. మామూలుగా గిరాకీలు ముందు గది దాటి రారు. అంబదాస్‌ది మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం. ఆయన ఎక్కడికైనా నేరుగా లోపలికే వస్తాడు. వెనకాలే నాగేశ్, నాగేశ్ వెనక భుజం మీది తువ్వాలను చేతిలోకి తీసుకుని సంగప్ప. సంగప్ప పెండ్లికూతురి తండ్రి, కంగ్టిలో సేద్యం. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు.

అంబదాస్ తెర మీద వేలు పెట్టాడు. వేలు భవాని మొహం మీద ఆనింది. ఆ మొహంలో నోటి చుట్టూ, ఎడమ కనురెప్ప మీద బొల్లి మచ్చలున్నాయి. పళ్ళెం పట్టుకున్న వేళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి.

"ఈ పిల్లను తీసెయ్యాలె. మొత్తం వీడియోల యాడ గూడ కనవడొద్దు."

"ఎందుకు సేటు?" అంది నర్మద.

"మా బిడ్డను చూసెతందుకు శుక్రవారం బీదర్ నుంచి వస్తుండ్రు. పెండ్లి వీడియో చూస్తమన్నరు. కోడలి అక్క గిట్లున్నదంటే, రేపు ఈ ఇంట్ల పుట్టేటోళ్ళకు గూడ వస్తదేమో అనుకుంటరు. ఎందుకొచ్చిన పరేషాన్." ఆయన గడప వైపు తిరిగాడు. "మా బావను గూడ అడిగిన. ఏం బావా?"

సంగప్ప తల ఊపాడు. తువ్వాల కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. తెర వైపు చూడలేదు.

"మిషన్‌తోని కాదు సేటు" అన్న మాట నర్మద నాలుక మీదికి దానంతటదే వచ్చింది. ఆ గదిలో చాలా ఏళ్ళు ఆ మాటతోనే పని జరిగింది. పెండ్లిలో తాగి గొడవ చేసిన మామను తీసెయ్యమన్నా, విడాకులైన వదినను తీసెయ్యమన్నా, మిషన్‌తోని కాదంటే గిరాకీ నోరు మూసుకునేవాడు. అది అబద్ధం కూడా కాదు. టేబుల్ కింద మూత ఊడి పడున్న మొదటి మిషన్‌లో ఉన్నది రెండు కోర్ల చిప్పు. సాయంత్రం వీడియో పెట్టి ఇంటికి పోతే మర్నాడు నర్మద వచ్చి తాళం తీసేదాకా ఫ్యాను గుర్రుగుర్రుమంటూనే ఉండేది. తర్వాత వచ్చిన నాలుగు కోర్లది ఇప్పుడు ఆల్బముల పనికి పక్కన కూర్చుంది. దాంట్లో కూడా మనిషిని తీసెయ్యాలంటే వీడియోను బొమ్మలు బొమ్మలుగా విడగొట్టి, ఒక్కో బొమ్మలో చేత్తో తుడుచుకుంటూ పోవాలి. ఒక్క నిమిషం వీడియోకి పదిహేను వందల బొమ్మలు. అంత పని చేయించుకునే ఓపిక ఎవడికీ ఉండేది కాదు.

అంబదాస్ ఆమె మొహం చూసి నవ్వాడు. "కాదనకు. బస్టాండ్ కాడ మీ ఫ్లెక్సీ చూసే వచ్చిన."

ఆ ఫ్లెక్సీ నాగేశ్ స్వయంగా రాసి కట్టించాడు. 'పదహారు కోర్ల కొత్త మిషన్. మీరు కోరిందల్లా చేసి ఇస్తాం.'

"ఔను సేటు," అంది నర్మద. "మిషన్‌తోని అయితది. నేనే చెయ్య."

గదిలో కొత్త మిషన్ ఫ్యాను చప్పుడు కూడా లేదు. అదంత మెత్తగా తిరుగుతుంది.

"ఏమన్నది?" అని అంబదాస్ నాగేశ్‌ను అడిగాడు, ఆమె వేరే భాషలో మాట్లాడినట్టు.

"అది గట్లనే అంటది సేటు. మీరు పోండ్రి. గురువారం వచ్చి తీస్కపోండ్రి," అని నాగేశ్ ఆయన్ను భుజం పట్టి ముందు గదిలోకి నడిపించాడు. సంగప్ప తువ్వాల భుజాన వేసుకుని వాళ్ళ వెనకే వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చిన నాగేశ్ కుర్చీ లాక్కుని నర్మద పక్కన కూర్చున్నాడు. "ఏంది నర్మదా, సేటు ముంగట నా ఇజ్జత్ తీస్తివి?"

"ఆ పిల్ల ఏం జేసిందన్నా?"

"ఏం జెయ్యలె. మనమేం జేస్తున్నం? ఆ పిల్లను కొడుతున్నమా, తిడుతున్నమా? వీడియోల తీసేస్తున్నం. పిల్ల తండ్రే ఒప్పుకుండు."

"ఒప్పుకున్నోడు ఒక్కసారన్న తెర దిక్కు చూసిండా?"

"నువ్వు చెయ్యకుంటె ఆగుతదా? మిషన్ చేస్తది. నేనే కూసుంట, లే."

నర్మద లేచింది. పదకొండేళ్ళుగా కూర్చున్న కుర్చీ. నాగేశ్ అందులో కూర్చుని మౌస్ పట్టుకుంటే, ఆమె పక్క టేబుల్ దగ్గర నాలుగు కోర్ల మిషన్ ముందు కూర్చుని బోరంచ ఊరి వాళ్ళ పెండ్లి ఆల్బమ్ తెరిచింది. తెరిచిందే గానీ కళ్ళు ఇటే ఉన్నాయి.

నాగేశ్‌కు మిక్సింగ్ పెద్దగా రాదు. రావలసిన అవసరం కూడా లేకపోయింది. భవాని చుట్టూ ఒక గీత గీశాడు. పెండ్లికి ముందు చేసే మైలపోలు నుంచి అప్పగింతల దాకా ఆమె ఎక్కడెక్కడ ఉందో మిషనే వెతికి పట్టుకుంది. చీర మార్చినా పట్టుకుంది, వెనక్కి తిరిగినా పట్టుకుంది. తెర మూలన పదహారు చిన్న డబ్బాలు ఒకేసారి నిండుగా వెలిగాయి. హమీద్ హోటల్ నుంచి తెచ్చుకున్న చాయ్ చల్లారక ముందే తలంబ్రాల ఘట్టంలో ఆమె లేదు. ఆమె వెనకున్న పందిరి గుంజ, గుంజకు కట్టిన మామిడాకులు, ఎన్నడూ కెమెరాకు కనపడనివి, మిషన్ తనంతట తానే ఊహించి అతికించింది. అతుకు కనిపించలేదు.

"చూసినవా," అన్నాడు నాగేశ్. అతని గొంతులో సంతోషం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది.

నర్మద చూస్తూనే ఉంది. బియ్యం పళ్ళెం గాలిలో నిలబడి ఉంది.

*

మర్నాడు మధ్యాహ్నం మొహానికి చున్నీ చుట్టుకున్న ఒక అమ్మాయి ముందు గదిలో ఎవరూ లేకపోతే వెనక గది గడప దగ్గరికొచ్చి నిలబడింది. నాగేశ్ మనూర్ వైపు ఏదో షూటింగ్‌కు పోయాడు.

"నేను శివాని వాళ్ళక్కను," అంది. "అంగన్‌వాడీల మీటింగ్ ఉంటే ఖేడ్ వచ్చిన. మీతోని ఒక్క మాట చెప్పిపోదామని."

"కూసో."

ఆమె కూర్చోలేదు. "నన్ను తీసేస్తుండ్రంట గద. మా నాయిన చెప్పిండు. మీరెవలో తియ్యనన్నరట, నాయిన గదిగూడ చెప్పిండు. నా కోసం లొల్లి పెట్టుకోకుండ్రి అక్కా. తీసెయ్యుండ్రి. మా చెల్లె ఆ ఇంట్ల బతకాలె."

రాసుకుని వచ్చినట్టు చెప్పింది. నర్మద కుర్చీని ఆమె వైపు తిప్పింది. నిన్నంతా ఈ పిల్ల తరఫున కొట్లాడుతున్నాననుకుంది. ఈ పిల్లే వచ్చి వద్దంటోంది.

"నేను తియ్య," అంది. "నువ్వడిగినా తియ్య. తీసేటోళ్ళు తీసిండ్రు. చూస్తవా?"

భవాని తటపటాయించి స్టూలు అంచున కూర్చుంది. చున్నీ విప్పలేదు. నర్మద నాగేశ్ చేసిన వీడియో పెట్టింది.

కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు తెచ్చేటప్పుడు బరువుకు వంగిన ఒక ముసలామె నెత్తి మీంచి కుండ తనంతట తానే లేచి కిందికి దిగింది. పెండ్లికూతురి చెంపకున్న పసుపు ఎవరూ తుడవకుండానే తుడుచుకుపోయింది. కుచ్చిళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. బియ్యం పళ్ళెం తేలుకుంటూ వచ్చి శివాని పక్కన ఆగింది.

చున్నీ వెనక నుంచి ఫక్కున నవ్వు వినిపించింది. "అగొ, పళ్ళెం ఎగురుతుంది. మా ఊరోళ్ళు చూస్తే భూతవైద్యుణ్ణి పిలుస్తరు."

నర్మదకు కూడా నవ్వొచ్చింది. భవాని స్టూలు ముందుకు జరుపుకుంది. తెర మూలన ఇంకో వీడియో పని నడుస్తోంది, డబ్బాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

"గీ డబ్బాలేందక్కా?"

"చిప్పుల కోర్లుంటయి. ఒక్కో కోరు ఒక్కో కూలి మనిషి అనుకో. మా మొదటి మిషన్ల ఇద్దరుండిరి. చేనంత ఇద్దరే ఏరాలె, ఎప్పుడయితది? తర్వాత దాంట్ల నలుగురొచ్చిండ్రు, ఒక్కొక్కరు రెండు సాళ్ళు పట్టి ఏరేటోళ్ళు. గీ కొత్తదాంట్ల పదహారు మంది. ఎనిమిది మంది గట్టోళ్ళు, బరువు పని వాళ్ళది. ఇంకో ఎనిమిది మంది చిన్న చిన్న పనులు చూస్కుంటరు. చిప్పు కంపెనీ అదే, పేరు గూడ అదే. ఎన్కాల అంకె మారుకుంట వచ్చింది."

భవాని ఆ డబ్బాలను కొంతసేపు చూసింది. "గింత మంది గూడి నన్నొక్కదాన్ని తీసేసిండ్రు," అంది.

తెర మీద అప్పగింతలు వచ్చాయి.

కారు తలుపు తెరిచి ఉంది. శివాని వెనక్కి తిరిగి, నాలుగడుగులు పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ చాచి గాలిని కావిలించుకుంది. ఆమె చేతులు అక్కడ లేని చీరను గుప్పెళ్ళతో పట్టుకున్నాయి. చెంప ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంది, దాని కింద ఏమీ లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎవరో నిమురుతున్నట్టు జడ మాత్రం పైకీ కిందికీ కదులుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆ ఖాళీని చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

అయిపోయాక భవాని తెర మీద ఆ ఖాళీ ఉన్న చోటును వేలితో చూపించింది.

"గప్పుడు దాని చెవుల ఒక మాట చెప్పిన," అంది.

"ఏం జెప్పినవ్?"

"కాటుక కారుతుందే, వీడియో తీస్తుండ్రు, ఆపు, అన్న."

ఆమె చున్నీ ముడి విప్పి ఒళ్ళో పెట్టుకుంది. గదిలో ఉక్కగా ఉంది. నోటి చుట్టూ చెమట పట్టింది. "అసలుది పెట్టుండ్రి," అంది.

నర్మద అసలుది పెట్టింది. భవాని తన్ను తాను చూసుకుంది. కుండ దించుతూ, పసుపు తుడుస్తూ, ఎవరినో కసురుతూ, పళ్ళెం పట్టుకుని పగలబడి నవ్వుతూ. తలంబ్రాల దగ్గర ఆపమంది. ఆగిన బొమ్మలో తన నవ్వును, పక్కింటి మనిషిని చూసినట్టు, తల పక్కకు వంచి చూసింది.

"కెమెరా అవుపడితే పక్కకు జరుగుత అక్కా నేను. బడిల గ్రూప్ ఫోటోల గూడ లేను. ఆ దినం జరిగెతందుకు టైం దొరకలె, గంతే." కాసేపటికి, "నేను నవ్వితె గిట్లుంటనా," అని తనలో తను అనుకుంది.

పోతూ పోతూ, "అప్పగింతల ముక్క నా ఫోన్ల ఎక్కిస్తవా?" అని అడిగింది. మొదటిసారి 'నువ్వు' అంది.

వీడియో పూర్తిగా అప్పజెప్పక ముందు చిన్న ముక్క కూడా బయటికి పోకూడదన్నది స్టూడియోలో నాగేశ్ పెట్టిన నియమం. ఇంతకుముందు పనిచేసిన ఒకతన్ని అందుకే తీసేశాడు. నర్మదకు అది తెలుసు. వైరు తీసి భవాని ఫోన్‌కు తగిలించి అసలు ముక్క ఎక్కించింది.

భవాని చున్నీ మెడలో వేసుకుని డిపో వైపు నడిచి వెళ్ళింది.

*

గురువారం పొద్దున వచ్చేసరికి అంబదాస్ హుషారుగా ఉన్నాడు. ఆయనతో సంగప్ప, సంగప్పతో భవాని. ఆమె మొహానికి ఏమీ చుట్టుకోలేదు. అంబదాస్ ఆమెను చూసి కొంచెం ఇబ్బంది పడి, "నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా ఇంత దూరం," అన్నాడు. ఆయన మరీ చెడ్డవాడేమీ కాదు. ఆమెను బిడ్డా అనే పిలుస్తాడు.

"చూద్దామని వచ్చిన మామా," అంది భవాని.

నాగేశ్ ముందు గదిలోని పెద్ద టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాడు. అంబదాస్ సోఫాలో కూర్చున్నాడు. సంగప్పకు కుర్చీ వేశారు. భవాని గోడకు ఆనుకుని నిలబడింది. నర్మద వెనక గది గడపలోంచి చూస్తోంది. ఎగిరే పళ్ళెం, తనంతట తానే దిగే కుండ లాంటి షాట్లను నాగేశ్ నిన్న కత్తిరించాడు. అప్పగింతలది మాత్రం కత్తిరించలేకపోయాడు, అది తీసేస్తే అప్పగింతలే లేవు.

"అరె," అన్నాడు అంబదాస్. "ఎంత సాఫ్‌గ తీసిండ్రు నాగేశ్. జెర గూడ తెల్వదు."

టీవీలో శివాని పరుగెత్తుకొచ్చి గాలిని కావిలించుకుంది.

సంగప్ప అంతవరకు నేలను చూస్తున్నాడు. చిన్నకూతురి ఏడుపు వినపడి తలెత్తాడు. ఆయన కళ్ళు ముందు టీవీ మీద, తర్వాత గోడ దగ్గర నిలబడిన పెద్దకూతురి మీద, మళ్ళీ టీవీ మీద తిరిగాయి. తువ్వాల మీద ఆయన చేతులు ఆగిపోయాయి.

"నాయినా," అంది భవాని మెల్లగా. "చెల్లె ఎవల్ని పట్టుకోని ఏడుస్తుంది?"

"గది మీ చెల్లె మంచికే బిడ్డా..." అని అంబదాస్ అంటుండగానే ఆయన ఫోన్ మోగింది. పేరు చూసి ఆయన సర్దుకుని కూర్చున్నాడు. చేత్తో సైగ చేసి టీవీ గొంతు తగ్గించమన్నాడు.

"హేళ్రి, హేళ్రి," అని కన్నడంలోనే చెప్పమన్నాడు. బీదర్ వాళ్ళు. నవ్వుతూ మొదలుపెట్టాడు. "రేపు ఎదురుచూస్తుంటం... వీడియోనా? ఇప్పుడే చేతికొచ్చింది. రేపు చూడొచ్చు... ఏంది? చూసిండ్రా? ఏ వీడియో?"

ఆయన ఫోన్ చెవి నుంచి తీసి వేలితో జరిపాడు. నర్మద నిలబడిన చోటికి తెర కనిపించింది. కోడలు శివాని స్టేటస్. పరుగెత్తుకొచ్చి అక్క మెడ చుట్టూ చేతులు వేసిన శివాని, ఆమె జడ నిమురుతున్న తెల్ల మచ్చల వేళ్ళు. కింద రెండు మాటలు: మా అక్క.

నిన్న సాయంత్రం నుంచి అది ఆయన ఇంట్లోంచే అందరికీ పోతోంది. దుకాణంలో యూరియా లెక్కల్లో పడి ఆయన చూసుకోలేదు.

ఫోన్‌లో అవతలి గొంతు ఏదో అడుగుతోంది. అంబదాస్ పెదవులు తడుపుకున్నాడు. ఒకసారి టీవీ వైపు చూశాడు, అక్కడ శివాని ఖాళీని వదిలి కారెక్కుతోంది. ఒకసారి గోడ వైపు చూశాడు. భవాని ఆయన్నే చూస్తోంది, కళ్ళు దించకుండా.

"ఆఁ," అన్నాడు. "ఔను. మా కోడలి అక్క. ... ఔను, సొంత అక్కనే. ... పెండ్లి పనులన్ని ఆ పిల్లనే చేసింది. ... సరే. మీరు ఆలోచించుకోండ్రి. సరే."

ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. మొహం ఎర్రబడింది. "ఎవలిచ్చిండ్రు దానికి?"

"నేను పంపిన," అంది భవాని.

"నేనిచ్చిన," అంది నర్మద గడపలోంచి.

నాగేశ్ గిరుక్కున తిరిగాడు. "నువ్వా?"

"నేనే. అసలు ముక్క. దాంట్ల నేను ఒక్క గీత గూడ దిద్దలె."

అంబదాస్ వాళ్ళిద్దరినీ వదిలేసి సంగప్ప మీదికి వచ్చాడు. "నీ బిడ్డకు జెర బుద్ధి చెప్పు బావా. ఇల్లు తెల్వదు, వాకిలి తెల్వదు."

"ఏ బిడ్డకు చెప్పాలె బావా," అన్నాడు సంగప్ప. "ఇద్దరు ఒక్క మాట మీద ఉన్నరు."

"శివాని మా ఇంట్ల ఉన్నది, మర్చిపోకు."

దానికి జవాబు భవాని చెప్పింది. "ఆదివారం చెల్లెను చూసెతందుకు వస్తున్న మామా. పొద్దున్నే వస్త. దాన్ని ఎవలన్న ఒక్క మాటంటే, నాతోని తోలుకపోత."

అరవలేదు. అంగన్‌వాడీలో పిల్లలకు రేపు ఏం తేవాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. అంబదాస్ పెన్‌డ్రైవ్ అడగకుండానే చెప్పులేసుకుని సందులోకి దిగి వెళ్ళిపోయాడు.

నాగేశ్ టీవీ నుంచి పెన్‌డ్రైవ్ పీకి కౌంటర్ మీదికి విసిరాడు. "రేపటి నుంచి రాకు నర్మదా."

"వస్త," అంది నర్మద. "బోరంచోళ్ళ ఆల్బమ్ సగంల ఉన్నది. రేపు వచ్చి చేస్త. ఎల్లుండి గూడ వస్త. ఎల్లగొట్టాలంటే ఫ్లెక్సీ మీద రాయి, మా కాడ మనుషుల్ని తీసెయ్యనన్నదాన్ని తీసేసినం అని."

నాగేశ్ ఆమెను తినేసేలా చూశాడు. ఏమనుకున్నాడో, కెమెరా బ్యాగు భుజానికేసుకుని హోటల్ వైపు వెళ్ళిపోయాడు. ఆ రేపటి సంగతి ఏమవుతుందో నర్మదకు తెలియదు. వెనక గదిలోకి పోయి తన కుర్చీలో కూర్చుంది.

భవాని లోపలికి వచ్చింది. "అసలుది మొత్తం చూడొచ్చా?"

"మూడు గంటలుంటది."

"ఉండనీ." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

గడప దగ్గర సంగప్ప ఒక కాలికి చెప్పు తొడుక్కుని నిలబడ్డాడు. "కంగ్టి బస్సు పోతది బిడ్డా."

"నువ్వు పో నాయినా. నేను చూసి వస్త." ఆమె వెనక్కి తిరగలేదు.

డిపోలోంచి బస్సు తిరిగే చప్పుడు, కండక్టర్ విజిల్ వినిపించాయి. సంగప్ప చెప్పు విడిచి లోపలికొచ్చాడు. రెండో కుర్చీ ముందు గదిలోనే ఉండిపోయింది. టేబుల్ కింద మూత ఊడిన పాత మిషన్ పక్కన నేల మీద, తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. నర్మద లేచి తన కుర్చీ ఇవ్వబోతే వద్దన్నాడు. అక్కణ్ణుంచి తెర చూడాలంటే ఆయన మెడ బాగా పైకెత్తాలి. ఎత్తాడు.

భవాని ఆయన వైపు చూడలేదు, కానీ కనపడేలా స్టూలు కొంచెం పక్కకు జరుపుకుంది.

"జెర సౌండు పెంచక్కా," అంది.